నేలపట్టు చెరువు నేర్పిన పాఠము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



చెరువు మన పంచాయతీలకు క్రొత్త విషయము కాదు. పూడిక, తూము, కలుజు, గండి, చేపల పాట - వీనిలో ఏదో ఒకటి చర్చకు రాని సమావేశము మన ఊళ్ళలో ఉండదు. అయితే చెరువులో కాపురమున్న పక్షులను గూర్చి ఒక్క తీర్మానమైనను వ్రాసికొన్న పంచాయతీలు ఎన్ని కలవు? మేమును నిన్న మొన్నటి వరకు అట్టి తీర్మానము వ్రాసినవారము కాము. మా చేత దానిని వ్రాయించిన కారణమును, అందుకై మేము చేసిన యాత్రను మీకు విన్నవించుకొనుటకే నేడు మీ ముందు నిలిచితిమి.

మా ఊరి చెరువులో తుమ్మచెట్లు ఏపుగా పెరిగి యున్నవి. వానిని వేలము వేసి, ఆ సొమ్ముతో బడికి ప్రహరీగోడ కట్టవలెనని మా పంచాయతీలో ప్రస్తావన వచ్చినది. గోడ అవసరమే. రోడ్డు ప్రక్కనున్న బడి. పిల్లలు బంతి వెంట పరుగెత్తి రోడ్డుమీదికి వచ్చుచుందురు. అందరము సరే యంటిమి. తీర్మాన పుస్తకము చేత బట్టిన తరువాత ఒక వార్డు సభ్యురాలు లేచి, "ఆ చెట్లమీద కొంగలు గూళ్ళు పెట్టుకొని పిల్లల్ని లేపినాయి. ఇప్పుడు నరికితే అవి ఏమయిపోవాల?" అని అడిగినది. కొందరము నవ్వితిమి. కాని ఆ ప్రశ్నకు ఎవ్వరమును సమాధానము చెప్పలేకపోయితిమి. అప్పుడు మాలో పెద్దలొకరు, "పక్షుల కోసమే ప్రభుత్వము కాపాడుచున్న చెరువొకటి నేలపట్టులో ఉన్నదట. పోయి చూచి వచ్చి, ఆ పైన సంతకములు పెట్టుదము" అనిరి. ఆ విధముగా సంక్రాంతి పండుగ వెళ్ళిన తరువాత మేము ఏడుగురము బయలుదేరితిమి.

నేలపట్టు తిరుపతి జిల్లా దొరవారిసత్రము మండలమున కలదు. 2022 వరకు ఈ ప్రాంతము నెల్లూరు జిల్లాలో నుండెను. నాయుడుపేట, సూళ్ళూరుపేటల నడుమ జాతీయ రహదారికి చేరువనే ఉన్నందున పోయి వచ్చుట కష్టము కాదు. ఈ ప్రదేశమును 1976 లో పక్షుల సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. దీని విస్తీర్ణము 458.92 హెక్టార్లు, అనగా మన లెక్కలో ఇంచుమించు 1,134 ఎకరములు. ఇందులో కొంత చెరువు, మిగిలినది చిట్టడవి.

లోనికి అడుగిడి కట్టమీదికి ఎక్కగానే మాకు కలిగిన మొదటి ఆశ్చర్యము మీకు చెప్పవలెను. సంరక్షణ కేంద్రమన్న మాట విని, ఏదో ఇనుప కంచెలు, పంజరములు ఉండునని మాలో కొందరము ఊహించియుంటిమి. అక్కడ ఉన్నది మన ఊరి చెరువువంటి చెరువే. మట్టికట్ట, నిండుగా నీరు, నీటిలో మొదళ్ళు మునిగి నిలిచిన చెట్లు. ఆ చెట్లను అచ్చట కడప చెట్లందురు. నెలల తరబడి నీటిలో నున్నను ఈ చెట్లు కుళ్ళవు. ఆ చెట్ల కొమ్మలన్నియు తెల్లబడి, దూరమునకు పూత పూసినట్లు కనిపించినవి. దగ్గరకు పోయిన కొలది ఆ తెలుపు రెక్కలల్లార్చెను, మెడలు చాచెను, అరచెను. అవి అన్నియు పక్షులే!

వానిలో పెద్దవి గూడబాతులు. గూడ యనగా మీకు తెలియనిది కాదు. పల్లపు గుంటలోని నీటిని మడికి చేదు సాధనము. ఈ పక్షి పొడవైన ముక్కు క్రింద సాగెడు తోలుసంచి కలదు. ముక్కును నీటిలో ముంచి చేపలతో కూడ నీటిని సంచిలోనికి తీసికొని, నీటిని వెలికి పోనిచ్చి, చేపలను మ్రింగును. గూడ వేయుట తెలిసిన రైతు ఎవడైనను ఆ పేరు దీనికి తగినదే యనును. దేహము బూడిద కలిసిన తెలుపు. పై ముక్కు అంచున నల్లని చుక్కలు వరుసగా నుండును.

ఈ పక్షులు ఆస్ట్రేలియా నుండియో, సైబీరియా నుండియో వచ్చునని మేము వినియుంటిమి. అది నిజము కాదని అచ్చట తెలిసికొంటిమి. గూడబాతులు మన దక్షిణాసియా పక్షులే. ఇవి గూళ్ళు కట్టి పిల్లలను లేపు దేశములు భారతదేశము, శ్రీలంక, కంబోడియా. వాన కురిసి చెరువులు నిండిన చోటికి తరలుచుండును. నెల్లూరు, తిరుపతి సీమలలో ఈశాన్యపు వానలు ఆశ్వయుజ కార్తీకములలో చెరువులు నింపును గనుక, అక్టోబరు మొదలుకొని ఇవి నేలపట్టునకు చేరి, జతకూడి, పుల్లలు తెచ్చి గూళ్ళు కట్టును. ఒకే చెట్టుమీద అనేక గూళ్ళు ఒకదాని కొకటి తగులునంత దగ్గరగా నుండును. ఆడ మగ రెండును వంతులవారీగా గ్రుడ్లు పొదుగును. సుమారు నెల దినములకు పిల్లలు బయటపడును. ఆ పిల్లలకు మొదట ఈకలుండవు. తరువాత తెల్లని నూగు వచ్చును. అవి ఎగురగలుగుటకు ఇంకను మూడు నెలలు పట్టును. మార్చి, ఏప్రిల్ నెలలు వచ్చుసరికి పిల్లలతో కూడ తరలిపోవును.

కావలి గోపురము ఎక్కి ఒక తల్లిపక్షి మేత పెట్టుట చూచితిమి. తల్లి వచ్చి వ్రాలగానే పిల్ల తన తలను మెడవరకు తల్లి నోటి సంచిలో దూర్చి, లోపలి చేపను అందుకొనెను. ఆ కంగారు, ఆ ఆకలి, ఆ తోపులాట చూచి మాతో వచ్చిన సభ్యురాలు, "మన ఇండ్లలో పిల్లలకు అన్నము పెట్టునప్పుడు ఇంతే గదా" అనెను. ఈసారి ఎవ్వరమును నవ్వలేదు.

గూడబాతులతో పాటు ఆ చెట్లమీద నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, నల్లని తలయు వంగిన ముక్కును గల తెల్లని కంకణపు పక్షులు, రాత్రి కొంగలు గూళ్ళు కట్టియున్నవి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినను నడుమ సందు మిగిలియుండును. పుట్టినప్పుడు పిల్లకు ఆ సందు ఉండదు; పెరిగిన కొలది ఏర్పడును. చెరువులలో, వరిమళ్ళలో ఉండు నత్తలను పట్టి, గుల్లలోని మాంసమును లాగి తినుటయే దాని వృత్తి. నారుమడిలో నత్తల బెడద ఎరిగిన రైతుకు ఈ కొంగ కూలి అడుగని కూలివాడు. నీటికాకి ఈకలు నీటికి తడియును గనుక, మునిగి చేప పట్టి వచ్చి, రెక్కలు చాచి ఎండకు ఆరవేసికొనుచుండును. సూర్యుడు క్రుంకు వేళకు ఈ పక్షులన్నియు గూటికి చేరుచుండగా, రాత్రి కొంగలు మాత్రము మేతకు బయలుదేరినవి. ఒక పనివాడు దిగగానే మరియొకడు ఎక్కినట్లుండెను. చెరువు నీటిమీద సూదితోక బాతులు, గరిటముక్కు బాతులు తేలుచుండెను. దూరదేశముల నుండి వచ్చునవి ఇవియే. ఉత్తరమున మంచు కప్పినప్పుడు మధ్య ఆసియా, సైబీరియాల నుండి శీతకాలము గడుపుటకు వచ్చి, ఎండలు ముదురక మునుపే మరలిపోవును. ఇవి మన దేశమున గూళ్ళు కట్టవు.

ఇన్ని వేల నోళ్ళకు ఈ ఒక్క చెరువు మేత చాలునా? ఈ ప్రశ్న మాకును తోచినది. చాలదు. అందుచేతనే మరునాడు సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోట పోవు దారిలో పులికాట్ సరస్సును చూచితిమి. ఆ సీమవారు దీనిని ప్రళయకావేరి యందురు. సముద్రమునకు, సరస్సునకు నడుమ శ్రీహరికోట దీవి అడ్డముగా నున్నది. సముద్రపు ఉప్పునీరు, కాళంగి, స్వర్ణముఖి వంటి ఏరుల మంచినీరు ఇందు కలియును. రోడ్డు సరస్సు నడుమనుండి పోవును. ఇరువైపుల లోతు లేని నీటిలో గులాబిరంగు ఫ్లెమింగోలు బారులు తీరి నిలిచియుండెను. అవి ముక్కును తలక్రిందులుగా నీటిలో నుంచి బురదనీటిని వడగట్టి చిన్న చిన్న పురుగులను, నాచును తినును. ఆ మేత వలననే వాని ఈకలకు ఆ రంగు వచ్చును. వీనిని చూచుటకే 2001 లో సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ ప్రారంభమైనది.

నేలపట్టు గూడబాతులు ఈ సరస్సునకు వచ్చి చేపలు పట్టి, గొంతు నింపుకొని గూటికి మరలును. అనగా పురిటిగది ఒక చోట, వంటయిల్లు ఇంకొక చోట. ఒకటి చెడిన రెండవది పనికిరాదు. సముద్రముతో కలుపు ముఖద్వారములలో ఇసుక మేటవేసినచో సరస్సులోనికి నీటి రాకపోకలు తగ్గును, చేపలు తగ్గును. అప్పుడు పక్షి పస్తుండును, జాలరియు పస్తుండును. పక్షుల మేలు వేరు, మనుష్యుల మేలు వేరు అని మేము అనుకొన్న మాట అచ్చట సడలినది.

తిరిగి నేలపట్టు వచ్చి, చెరువు సమీపమున పొలము చేయుచున్న ఒక వృద్ధరైతును పలుకరించితిమి. మా మనస్సులోని ప్రశ్న ఒకటే. "అయ్యా! నీరు పక్షులకు నిలిపిన పొలముల గతి ఏమి?" అని అడిగితిమి. ఆయన మమ్ము ఎగాదిగా చూచి, "పురిటికొచ్చిన ఆడబిడ్డల్ని బిడ్డ కాళ్ళు కుదరకముందే పంపిస్తామా సామీ?" అనెను. తరువాత కొంచెము ఆగి, "ఇవొచ్చినయ్యంటే వానలు పడినట్టే గదా. వీటి రెట్ట కలిసిన నీళ్ళు పారితే మడికి బలం" అనెను.

ఆ రైతు మాటలో పెద్ద శాస్త్రమున్నది. చేపలు తిను పక్షుల రెట్టలో నత్రజని, భాస్వరము మెండుగా నుండును. మనము బస్తాలకు డబ్బిచ్చి కొను ఎరువులోని సారములు ఇవియే. చేపలో నున్న సారమును పక్షి తన కడుపున మోసికొని వచ్చి చెరువులో వదలును. తూము దానిని పొలమునకు చేర్చును. అయితే ఇట్టి నీరు త్రాగుటకు పనికిరాదు. పక్షులుండు చెరువును త్రాగునీటి చెరువుగా వాడరాదని పంచాయతీలు గుర్తుంచుకొనవలెను.

ఇక నీటి సంగతి. చెట్ల క్రింద నీరు నిలిచియున్నంత కాలము గూళ్ళకు అదియే కందకము. పిల్లి, కుక్క, నక్క దానిని దాటి చెట్టు చేరలేవు. పిల్లలు ఎగురక మునుపే నీరు ఇంకిపోయినచో, క్రింద పడిన పిల్ల కుక్కల పాలగును. మేతకు దూరము పోవలసివచ్చి తల్లులు గూళ్ళు విడుచుటయు కలదు. కనుక వాన తక్కువైన సంవత్సరమున పైరుకు నీరా, పక్షికి నీరా యను చిక్కు నిజముగా వచ్చును. ఆ చిక్కు లేదని మేము మీకు చెప్పము. తూము ఎత్తుటకు ముందు ఆయకట్టు రైతులు, అటవీశాఖవారు, పంచాయతీవారు కూర్చుండి మాటలాడినచో, చెట్ల చుట్టు పల్లపు నీటిని కొన్ని వారములు నిలుపుకొని మిగిలినది పొలమునకు వదలుట అసాధ్యము కాదు.

పక్షులను ఊరివారే కాపాడుచున్న తావులు మన రాష్ట్రమున మరికొన్ని కలవు. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున ఇండ్ల నడుమ చెట్లమీదనే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టును. ఒకప్పటి అనంతపురము జిల్లాలోని వీరాపురమున ఎర్రకాళ్ళ కొంగలకు ఊరి చింతచెట్లే నెలవు. గుంటూరు సమీపమున ఉప్పలపాడు చెరువు పేరు మీరు వినియే యుందురు. ఆ ఊళ్ళవారు రెట్ట వాసన, పిల్లల అరుపులు సహించుచున్నారు గనుకనే పక్షులు ఏటేట వచ్చుచున్నవి.

సహనము ఒక్కటే చాలదని చెప్పు ఉదాహరణములును కలవు. 1946 లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామమున గూడబాతులు గుంపులుగా గూళ్ళు కట్టుటను చూచి లోకమునకు తెలిపెను. తరువాతి దశాబ్దములలో ఆ పక్షులు ఆ ఊరు విడిచిపోయినవి. ఇక కొల్లేరు కథ మీకు తెలియనిదా? ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల సరస్సును 1999 లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002 లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో అది చేరినది. అప్పటికే సరస్సు గర్భమున చేపల చెరువుల గట్లు లేచియుండెను. 2006 లో ఆ గట్లను కొట్టివేయవలసి వచ్చినది. పక్షులు నష్టపడినవి, సరస్సు నష్టపడినది, చెరువులమీద బ్రతుకుచున్న కుటుంబములును నష్టపడినవి. మొదటి గట్టు వేయునాడే ఊరి పెద్దలు కూర్చుండి ఆలోచించియుండినచో, చివరి గట్టు కొట్టునాటి దుఃఖము తగ్గియుండెడిది.

ఇందు పంచాయతీకి అధికారమేమున్నదని మీరడుగవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పదునొకండవ షెడ్యూలులో చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యము, చేపల పెంపకము, సామాజిక అడవుల పెంపకము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య సంఘము నేర్పరచుకొనవలెనని చెప్పుచున్నది. ఊరిలోని చెట్లు, పక్షులు, చేపలు, మందుమొక్కలను గూర్చి ఊరివారి నోటనే విని పుస్తకమున నమోదు చేయుట ఆ సంఘపు పని. చాల చోట్ల ఆ సంఘము కాగితముమీదనే నిలిచియున్నది. దానిని పిలిచి పని యప్పగించుట మన చేతిలోని పని.

మేము తెలిసికొన్న కొన్ని ఆచరణ విషయములు మనవి చేసెదము. చెరువులోని చెట్ల వేలము పెట్టుటకు ముందు వానిమీద గూళ్ళున్నవేమో చూచి, పిల్లలు ఎగిరిపోవు వరకు ఆగవలెను. పూడిక తీయునప్పుడు మట్టినంతను గట్టుమీదికి చేర్చక, చెరువు నడుమ ఒకటి రెండు దిబ్బలు మిగిల్చి, నీటికి తాళు చెట్లు నాటవలెను. దీపావళి బాణసంచా చెరువుకట్టమీద కాల్పరాదు. చేపలకై విషము కలుపువారిని ఉపేక్షింపరాదు. ఆ చేప తిన్న పక్షియు చచ్చును, మనిషియు రోగియగును. చూడవచ్చువారు గూళ్ళ దాపునకు పోరాదు. తల్లి బెదరి లేచిన కొన్ని నిమిషములలోనే కాకులు గ్రుడ్లు ఎత్తుకొనిపోవును. పక్షులు గుంపుగా చచ్చిపడినచో చేతితో తాకక, పశువైద్యునికి, అటవీశాఖవారికి వెంటనే తెలుపవలెను.

మా ఊరి మాటతో ముగించెదము. తిరిగి వచ్చిన వారమునకు పంచాయతీ సమావేశము జరిగినది. చర్చ తేలికగా సాగలేదు. "పిట్టల కోసం పిల్లల గోడ ఆపుతారా?" అని ఒకరు గట్టిగానే అడిగిరి. ఆ మాట కొట్టివేయదగినది కాదు. చివరకు, నీటిలో నిలిచిన చెట్ల గుంపును ముట్టరాదనియు, కట్టవైపు గూళ్ళు లేని చెట్లను మాత్రము వేసవిలో వేలము వేయవలెననియు తీర్మానించితిమి. సొమ్ము తక్కువ వచ్చినది. గోడ రోడ్డువైపు మాత్రమే లేచినది. మిగిలిన మూడు వైపుల ప్రస్తుతము ముళ్ళకంచె వేసితిమి. మిగత గోడకు వచ్చే సంవత్సరపు నిధులలో చోటు కల్పించవలసియున్నది. అది మా బాధ్యత, దానిని మరువము.

తీర్మానము క్రింద మొదటి సంతకము, నాడు ఆ ప్రశ్న అడిగిన సభ్యురాలి చేత చేయించితిమి. ఆమె అడుగకపోయినచో మా చెరువు నేటికి నున్నగా, నిశ్శబ్దముగా నుండెడిది. ఇప్పుడు సాయంకాలము బడి విడిచిన పిల్లలు కట్టమీద నిలిచి, ఏ కొంగ ఏ చెట్టున వ్రాలునో పందెము వేసికొనుచున్నారు.

మీ మీ ఊళ్ళకు మరలిన తరువాత ఒక సాయంకాలము మీ చెరువుకట్టమీదికి పోయి చూడుడు. అచ్చట ఎవరెవరు కాపురమున్నారో తెలిసికొని, ఆ పైన తీర్మాన పుస్తకము తెరువుడు.